మూడు మిల్లీమీటర్ల చొప్పున

అక్టోబరులో మొదలుపెట్టాడు ఫ్లూరిన్.
భోజనాల గదిలో బల్లకు బల్ల కలిపి,
మా తూసిస్ కొండ రైలుకి
అరచేతిలో పట్టేంత లోయ.

ముప్పై ఏళ్ళు రాతి వంతెనల కింద నడిచిన మనిషి.
చిన్న సుత్తితో ఒక్కో రాయినీ తట్టి
చెవి ఒగ్గి వినేవాడు.
బోలుగా మోగితే సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు.
ఇప్పుడు ప్లైవుడ్ ముక్కల్ని
నా కాఫీ చెంచాతో తడుతున్నాడు.

పదిహేను సెంటీమీటర్లకో స్తంభం.
స్తంభం స్తంభానికీ మూడు మిల్లీమీటర్లు లేవాలి,
అంతకు మించితే ఇంజను ఒప్పుకోదట.
ఒకటోది మూడు, రెండోది ఆరు,
ఇరవై మూడోది అరవై తొమ్మిది.
కింద ఇంకో రైలు
తల తగలకుండా పోవాలి కదా అంటాడు,
ఆ రైలుకి నేనేదో అడ్డం చెప్పినట్టు.

సూపులో రంపపు పొట్టు.
చెప్పుల్లో రంపపు పొట్టు.
పదకొండో స్తంభాన్ని నాలుగుసార్లు కోశాడు.
వేసవి నుంచీ ఆయన కుడిచెయ్యి
ఆయన మాట వినడం లేదు.
దాని గురించి మేం మాట్లాడుకోం.
తప్పంతా రంపానిదే అని
ఇద్దరం ఒప్పుకున్నాం.

ఎర్ర ఇంజను బయల్దేరింది.
ఒకటో స్తంభం దగ్గరే ముక్కు గుద్దుకుని
పట్టా దిగి పక్కకు ఒరిగింది.
కింది వాటాలో ఉండే అదెలీనో,
సొరంగాల్లో పనిచేసే పోర్చుగీసు అబ్బాయి,
రసమట్టం పట్టుకొచ్చాడు.
బుడగ ఎక్కడుండాలో అక్కడే ఉంది.
ఇద్దరూ దాన్ని నమ్మలేక
తిప్పి తిప్పి చూశారు.

నలభై ఏళ్ళు బట్టలు కుట్టినదాన్ని,
ఊరుకోలేకపోయాను.
"చదునులోంచి వాలులోకి ఒక్కసారిగా విరిచావు.
గుడ్డనైనా అలా మడిస్తే ముడత పడుతుంది.
మొదట అర మిల్లీమీటరు లేపు,
తర్వాత ఒకటి, తర్వాత రెండు,
ఆ తర్వాతే నీ మూడు.
పైన దింపేటప్పుడూ అంతే."

పెన్సిలు తీసి లెక్క వేశాడు.
అలా వదులిస్తే ఎత్తు చాలదు.
ఇంకో నాలుగు స్తంభాలు కావాలి,
అరవై సెంటీమీటర్ల చోటు కావాలి.
కిటికీ వైపు చూడలేదు.
టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.
కిటికీ దగ్గర నా కుట్టుమిషను ఉంది.

ఆ రాత్రి ఎవరం ఏమీ అనలేదు.
తెల్లారి నేనే మిషన్ని పడకగదిలోకి జరిపాను.
బరువు, పైగా ఒక కాలికి చక్రం లేదు;
నేల మీద గీత పడింది, పడనీ.
సొరుగు అడుగున ఖాళీ దారపు రీళ్ళు దొరికాయి,
చెక్కవి, ఇప్పుడెవరూ చేయనివి.
రెండేసి ఒకదానిపై ఒకటి నిలబెట్టి,
తక్కువైన చోట
పోస్ట్‌మాన్ కోటు కాలరు నమూనా అట్ట
కత్తిరించి పెట్టాను.

జిగురు ఆరేదాకా కదలకూడదు.
నేను పట్టుకున్నాను, ఆయన పైనుంచి నొక్కాడు.
పావుగంట.
మా కాపురంలో అంతసేపు
చేతిలో చెయ్యి పెట్టి కదలకుండా ఉన్నది
పెళ్ళినాడు పాస్టరు ప్రసంగం అప్పుడే.
ఆ వణుకు నా వేళ్ళలోకీ వచ్చింది.
స్తంభం మాత్రం కదల్లేదు.

ఆదివారం, బయట మంచు వానగా మారుతుండగా,
ఇంజను మెల్లగా ఎక్కింది.
పదకొండు దగ్గర కాస్త గునిసింది,
కిటికీ వెలుతుర్లోకి వచ్చింది.

ఫ్లూరిన్ చెంచా తీసి
ఇరవై ఏడో స్తంభాన్ని తట్టాడు.
బోలుగా మోగింది. రీలు కదా మరి.

"సుద్దముక్క తేనా?" అన్నాను.

తల అడ్డంగా ఊపి,
చెవి అక్కడే ఆనించి
ఇంకోసారి తట్టాడు.